గోరువెచ్చటి నీళ్ళలో కుట్టుమిషను

కడపలో నా కాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కట్టు విప్పాక, బిగుసుకుపోయిన కుడికాలి చీలమండను అటూ ఇటూ వంచబోయాడు. అది వంగలేదు. "ఈ వయసులో ఇంకా మిషను తొక్కాలా అమ్మా? చేసినన్నాళ్ళు చేశారు కదా, ఇంక హాయిగా కూర్చోండి" అన్నాడు. అంటూనే తర్వాతి మనిషిని పిలవమని నర్సుకు సైగ చేశాడు. ఆయన పని బాగానే చేశాడు, ఎముక వంకర లేకుండా అతికింది, అది కాదనను. కానీ నా కాలు నాకెందుకు కావాలో అడగకుండానే అక్కర్లేదని తేల్చేశాడు. కూర్చోమన్నాడు. నేను ఇన్నేళ్ళూ చేసింది కూర్చునే పనే. కూర్చుని కాళ్ళతో చేసే పని.

నేను కమలాపురంలో జాకెట్లు కుడతాను. మా ఆయన చనిపోయిన ఏడాదే తొక్కుడు మిషను కొని ఇంటి ముందుగదిలో వేసుకున్నాను. ఎడమకాలు కొంచెం వెనక్కి, కుడికాలు ముందుకి పెట్టి ఆ ఇనప పెడలును ఊపుతుంటే బట్ట దానంతటదే చేతుల్లోంచి జారిపోతూ ఉంటుంది. చంక దగ్గర వంపు తిరిగేటప్పుడు నిదానించాలని నేను కాలికి చెప్పను. దానికే తెలుసు. పట్టుబట్ట అయితే ఒకలాగా, నూలుబట్ట అయితే ఒకలాగా అదే తొక్కుతుంది. అట్లాంటి కాలు విరిగింది.

షేర్ ఆటో దిగుతుంటే విరిగింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు ఇంకా ఆటోలో ఉండగానే డ్రైవరు బండి కదిలించాడు. నన్ను లేపి ఆసుపత్రికి చేర్చిందీ అతనే. దారి పొడుగునా మాత్రం "సూసుకొని దిగాల గదమ్మా" అంటూనే ఉన్నాడు. అతనికి సాయం చేసిన పుణ్యం ఎట్లాగూ వస్తుంది, ఆ మాట అన్న పాపం కూడా ఉంటుంది.

కర్నూలులో ఉండే తమ్ముడు వచ్చి నన్ను వాళ్ళింటికి తీసుకుపోయాడు. తమ్ముడు మంచివాడు. అయితే వాడికి ప్రతిదానికీ ఒక మందు సిద్ధంగా ఉంటుంది.

"మోటరు బిగిస్తే సరిపాయె గదక్కా. కాలు తాకిస్తే సాలు, అదే తిరుగుతాది."

"నీకు అన్నం ఎవరన్నా నమిలి పెడితే సరిపోతాదా?" అన్నాను.

మోటరు మిషను దాని వేగంతో అది పోతుంది. కుట్టేవాళ్ళు దాని వెంట పరుగెత్తాలి. ఈ సంగతి వాడికి ఎన్నిసార్లు చెప్పినా, "నీకు మొండి ఎక్కువక్కా" అని నవ్వేవాడు. ఆ నవ్వులు కూడా నా దగ్గర భద్రంగానే ఉన్నాయి.

నాకు తొందర ఉంది. మా పక్కసందులో ఒక అమ్మాయి మోటరు మిషన్లు పెట్టి కొత్తగా అంగడి తెరిచింది. నా గిరాకీ అంతా అటు పోతోందని ఎదురింటామె ఫోను చేసి మరీ చెప్పేది, ఆ చెప్పడంలో బాధ ఎంతో, సంబరం ఎంతో నాకు తెలియదనుకుని. అన్నిటికంటే నన్ను కోసింది ఒక పాత గిరాకీ మాట. ఆమె పెళ్ళి జాకెట్లు నేను కుట్టినవే. సీమంతం జాకెట్టు నేను కుట్టిందే. ఇప్పుడు ఆమె కూతురికి పెళ్ళి కుదిరింది. "ఉగాది దాకా సూస్తానక్కా. నీకు కాకపోతే పక్కసందులో ఇచ్చుకుంటాలే, నువ్వేం అనుకోవద్దు" అంది. అనుకోవద్దట. ఉగాదికి నా కాలు తొక్కాలి. లేకపోతే ఆ ముందుగదిలో నాకు పని ఉండదు. పని లేకపోతే తమ్ముడు నన్ను కమలాపురం పంపడు, కర్నూలులో వాళ్ళింటి వెనకగదిలో నా తక్కిన బతుకు గడిచిపోతుంది. ఇదీ నా భయం.

కర్నూలు ఊరి చివర ఒక ధర్మసంస్థ నడిపే వైద్యశాలలో వేడినీళ్ళ కొలనులో వ్యాయామం చేయిస్తారని తమ్ముడే విని వచ్చాడు. కొలను అంటే పెద్దదేమీ కాదు. ఒక గదంత తొట్టి, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి చుట్టూ స్టీలు కమ్మీ, రొమ్ముల దాకా గోరువెచ్చటి నీళ్ళు. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయిది రాజంపేట. మా కడప తట్టు పిల్ల కదా అని నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే "ఆంటీ" అని పిలిచింది. అయినా ఆ పిల్ల అడిగిన మొదటి మాటకు దాన్ని క్షమించాను.

"ఈ కాలు మీకు ఏంటికి కావాల ఆంటీ?"

అంతమంది డాక్టర్లలో, అంతమంది బంధువుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. నేను మిషను సంగతి చెప్పాను. ఆ పిల్ల నా పాదాన్ని చేతిలోకి తీసుకుని, పెడలు ఎట్లా ఉంటుందో, కాలు ఎంత వంగుతుందో చేయించి చూసుకుంది.

మొదటి రోజు నేను నైటీతో దిగాను. ఆ వైద్యశాలలో ఇచ్చే పొట్టి బట్టలు వేసుకోనని ముందే చెప్పాను. నడుము దాకా దిగేసరికి నైటీలో గాలి చేరి, గుడ్డంతా నా చుట్టూ గుండ్రంగా పైకి లేచింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక చేత్తో దాన్ని అణుచుకుంటూ నేను అవస్థ పడుతుంటే, అవతలి మూల నుంచి ఒక ముసలామె గట్టిగా నవ్వింది.

"ఓ పాపా, ఆ గొడుగు మూసుకో! వాన ల్యాదు ఈడ!"

అరవై దగ్గర పడుతున్న నన్ను పాపా అంది. నవ్వినందుకు ఒకటి, పాపా అన్నందుకు ఒకటి, లెక్క పెట్టుకున్నాను. "నువ్వు నీ పని చూసుకో అవ్వా" అన్నాను. అవ్వా అన్నది కావాలనే అన్నాను. ఆమెకు అది తగలనే లేదు. ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ వారమంతా కూర్చుని నీళ్ళకు పనికొచ్చే బట్టలు కుట్టుకున్నాను. పాత నైలెక్స్ చీరను కత్తిరించి, మోకాళ్ళ దాకా చొక్కా, కింద పైజామా. గాలి పోయేట్టు చొక్కాకు రెండు పక్కలా చీలికలు పెట్టాను, పైజామా పైకి లేవకుండా చీలమండల దగ్గర నాడాలు పెట్టాను. మిషను లేదు కాబట్టి అంతా చేతికుట్టే. వాటితో దిగిన రోజు రాజంపేట పిల్ల నన్ను చుట్టూ తిరిగి చూసింది. ముసలామె మాత్రం, "ఇప్పుడు సరిపాయె. ఇంతకుముందు తమాషా బాగుండె" అంది.

ఆ నీళ్ళ గురించి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. మేము నీళ్ళు మోసుకొచ్చుకుని, కొలుచుకుని వాడుకున్న మనుషులం. మరదలి ఇంట్లో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఒక బకెట్ ఎక్కువ వాడితే ఆమె ఏమీ అనేది కాదు గానీ, బకెట్ ఎత్తి కొంచెం గట్టిగా కింద పెట్టేది. అట్లాంటి నేను రొమ్ముల లోతు నీళ్ళలో నిలబడితే, మొదట భయం వేసింది, తర్వాత సిగ్గు వేసింది, ఆ తర్వాత ఒంట్లోంచి బరువు ఎవరో తీసి పక్కన పెట్టినట్టు అయింది. కర్ర లేకుండా నడిచాను. కుంటకుండా నడిచాను. విరగక ముందు ముందుగదిలోంచి వంటింట్లోకి ఎట్లా నడిచేదాన్నో అట్లా నడిచాను. ఆ నడక ఎక్కడికీ పోలేదు, నాలోనే ఉంది, నీళ్ళలో దిగితే కనిపిస్తుంది.

కష్టమంతా బయటికి వచ్చేటప్పుడే. ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే ఒళ్ళు నాకు తిరిగి వచ్చేది. నడుము బరువు, తొడల బరువు, చివరికి చీలమండ మీద అంతా కలిసి. పై మెట్టు మీద నిలబడి కర్ర అందుకుంటూ వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూసేదాన్ని. అందులో నడిచిన నాలోని ఆమెను వదిలేసి ఇంటికి పోతున్నట్టు ఉండేది. రాత్రి పడుకున్నా ఆమే గుర్తొచ్చేది.

కొన్నాళ్ళకు రాజంపేట పిల్ల ఒక కొత్త పని పెట్టింది. నీళ్ళలో ఒక అరుగు ఉంది. దాని మీద నన్ను కూర్చోబెట్టి, కుడిపాదం కింద ఒక తేలే పలకను పెట్టింది. బెండులాంటిది, ఎంత అణచినా మునగదు.

"తొక్కండి. మళ్ళీ మెల్లిగా వదలండి ఆంటీ."

తొక్కితే పలక కిందికి పోయింది. వదిలే పని నాకు లేకపోయింది, అదే పాదాన్ని పైకి నెట్టింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ నెట్టింది. కళ్ళు మూసుకున్నాను. మా ముందుగది, కిటికీలోంచి పడే ఎండ, సూది కింద గులాబీ రంగు పట్టు, అన్నీ వచ్చాయి. నేను కుడుతున్నాను. చంక వంపు దగ్గర నిదానించాను కూడా.

"ఏం కుడతాండావు పాపా?" అని ముసలామె గొంతు.

"నీ నోరు కుడతాండా అవ్వా."

"గట్టి దారం ఎయ్యి. పాతది గదా, పిగులుతాది."

రాజంపేట పిల్ల నవ్వాపుకోలేక నీళ్ళు మింగింది.

అట్లా మాటలు మొదలయ్యాయి. ఆమెది కోసిగి దగ్గర పల్లె. ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడి తుంటి దెబ్బతింది. కర్నూలులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉండే పెద్దకొడుకు దగ్గర ఉంటూ వచ్చేది. శివరాత్రికి ముందూ వెనకా వాళ్ళ ఊరంతా గుంటూరుకు మిరపకాయల కోతకు పోతుంది. ఆమెకూ పోవాలని.

"ఇంత వయసులో ఏం కోస్తావు అవ్వా?"

"కోసేది చేతుల్తోనే గదా, చేతులు బాగుండాయి. మిరప సాలులో నిలబడేకి కాలు కావాల, అంతే. ఇంట్లో కూసోబెట్టి, ముసల్దానికి దుడ్లు దండగ అని కోడలు గోడకు చెప్తాది, నాకు ఇనపడాలని."

మా మరదలు గోడకు కాదు, ఫోనుకు చెప్పేది. "మా వదినకు దినామూ నీళ్ళాట" అని. అది చెప్తే ముసలామె కమ్మీ పట్టుకుని మరీ నవ్వింది. ఆ తర్వాత మేము పక్కపక్కనే నడిచేవాళ్ళం, తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి. దిగే ముందు ప్రతిరోజూ ఆమె దోసెడు నీళ్ళు తీసి కళ్ళకద్దుకునేది. నీళ్ళలో కాలు పెడుతున్నందుకు. కానీ ఆ నీళ్ళ మీద ఆమెకు ఒక ఫిర్యాదు ఉండేది.

"ఇన్ని నీళ్ళు కాగబెట్టినారు, ఒక్క ఆకు గూడ ఎయ్యల్యా. వట్టి నీళ్ళు ఒంటికేం జేస్తాయి?"

"ఇది అట్లాంటిది కాదవ్వా" అని రాజంపేట పిల్ల చెప్పేది. "వేడికి కండలు వదులైతాయి, నీళ్ళు బరువు మోస్తాయి. ఆకు అక్కర్లేదు." ముసలామె తల ఊపేది, ఒప్పుకున్నట్టు కాదు, చిన్నపిల్ల కదా అన్నట్టు.

శివరాత్రి దగ్గర పడ్డప్పుడు ఒక పొద్దున నేను అరుగు మీద కూర్చుని పలక తొక్కుతుంటే ఒక వాసన వచ్చింది. కారంగా, చేదుగా, పచ్చిగా. వావిలాకు. ఆ వాసన మా అమ్మది. నాకు ఒకే ఒక కాన్పు అయింది, బిడ్డ దక్కలేదు. ఎత్తుకోవడానికి ఏమీ లేని నాకు మా అమ్మ బాలింత నీళ్ళు మాత్రం మానలేదు. వావిలాకు వేసి కాగబెట్టి, ఒళ్ళు ఎర్రబడేదాకా, చెంబు తర్వాత చెంబు నడుము మీద కొట్టి పోసేది. ఏడుస్తుంటే ఏడవనిచ్చేది, నీళ్ళు పోయడం ఆపేది కాదు. ఆ తర్వాత అట్లా నా ఒంటి మీద నీళ్ళు పోసినవాళ్ళు లేరు. కళ్ళు తెరవకుండా ఆ వాసన పీల్చుకుంటూ ఉండిపోయాను.

కొలనులో నీళ్ళు తిప్పే మోటరు మూలిగి ఆగిపోయిన చప్పుడుకు కళ్ళు తెరిచాను. తొట్టిలో వేడినీళ్ళు వచ్చే గొట్టం దగ్గర ముసలామె నిలబడి ఉంది. కొంగులో మూటగట్టి తెచ్చిన ఆకంతా దూసి, చేత్తో నలిపి, అక్కడ వదిలింది. వేడి ఎక్కడ తగులుతుందో అక్కడే కదా ఆకు వేయాలి! ఆ ఆకులు తిరిగి తిరిగి నీళ్ళను లాగే జాలీలోకి పోయి ఇరుక్కున్నాయి. వడపోసే యంత్రం నిండింది. నీళ్ళు పచ్చగా తిరిగాయి.

మేనేజరు వచ్చి, "ఇది మీ ఇల్లనుకున్నారా?" అని అరిచాడు. తప్పు ఆమెది, అతను చూసింది నా వైపు. నీళ్ళన్నీ వదిలేయాలన్నాడు. యంత్రం విప్పి కడిగి, మళ్ళీ ట్యాంకర్లు తెప్పించి నింపేదాకా కొలను మూతన్నాడు. కర్నూలులో అప్పటికే ఎండలు ముదిరాయి. ట్యాంకరు పిలిచిన వెంటనే వచ్చే రోజులు కావు.

బట్టలు మార్చుకునే గదిలో నేను ముసలామెను పట్టుకున్నాను. "నా ఉగాది పాయె అవ్వా. నీ ఆకుకు దండం. ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

ఆమె తడి వెంట్రుకలు విదిలించుకుంటూ మెల్లిగా అంది. "నీ కాలికే తెచ్చినా పాపా. నాది ముసలి కట్టె, వావిలి ఏం జేస్తాది? నీది ఇంకా వంగుతాది అనుకొంటి."

"నేనడిగినానా?" అన్నాను.

ఆ రోజు బయట ఆటో కోసం ఇద్దరం ఒకే గోడ నీడలో చాలాసేపు నిలబడ్డాం. ఆమె కొడుకు వచ్చి తీసుకుపోయాడు. ఆమె ఎక్కేటప్పుడు తిరిగి చూసింది. నేను రోడ్డు వైపు చూస్తున్నాను.

కొలను మూసిన రోజుల్లో చీలమండ మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టింది. మరదలి బాత్రూములో బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాలు పెట్టి తొక్కి చూశాను. బకెట్ అడుగు గట్టిగా తగిలింది. పాదాన్ని పైకి నెట్టేది ఏమీ లేదు. "నీళ్ళు రేపు గూడ రావంట వదినా" అని బయట నుంచి మరదలి గొంతు. నేను కాలు తీసేశాను. ఆ నీళ్ళను పారబోయకుండా గిన్నెలు తోముకోవడానికి ఆమెకే ఇచ్చాను. తీసుకుంది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది. అయినా ఆ గొంతు గుర్తుంది.

కొలను తెరిచారని ఫోను రాగానే పరుగెత్తినట్టు పోయాను. నీళ్ళు కొత్తగా, తేటగా, మందు వాసనతో ఉన్నాయి. అవతలి మూల ఖాళీగా ఉంది. ఆ రోజు రాలేదేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు. రాకుండా చేశారేమోనని అనుమానం వచ్చి మేనేజరు గదికి కర్ర టకటకలాడిస్తూ పోయాను. "ఆకు వేసిందని ముసలామెను మాన్పించారా?" అని అడిగాను. అతను తెల్లబోయాడు. ఎవరినీ మాన్పించలేదన్నాడు. సంగతి రాజంపేట పిల్ల చెప్పింది.

"చిన్నకొడుకు వాళ్ళు గుంటూరు పోతాంటే ఆమె గూడ పోయింది ఆంటీ. ఇంకా కొన్నాళ్ళు చేస్తే బాగుండు అని చెప్పినా. సాలులో నిలబడితే సాలు అనింది."

"నాకేమన్నా చెప్పమనిందా?"

"ఆ మిషనామె కాలు ఎట్లుండాది అని అడిగింది."

"అడిగితే సరిపోతాదా? పోయేటప్పుడు నాకు చెప్పి పోవాలని ఉండదా మనిషికి?"

ఆ పిల్ల పలక తెచ్చి నా పాదం కింద పెట్టింది. తొక్కాను. పలక పైకి నెట్టింది. ఏం కుడుతున్నావని అడిగేవాళ్ళు లేకపోతే కళ్ళు మూసుకున్నా ముందుగది రాలేదు. వట్టి తెల్లటి పలక, వట్టి నీళ్ళు. అయినా ఒక్క పూట కూడా మానలేదు. దిగే ముందు నేనూ దోసెడు నీళ్ళు తీసి కళ్ళకద్దుకోవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. ఒకరోజు ఆ పిల్ల చూసి నవ్వితే తెలిసింది.

ఉగాది ఇంకా ముందుండగానే తమ్ముడితో పోట్లాడి కమలాపురం చేరాను. మిషను మీద దుమ్ము తుడిచి, నూనె వేసి, దారం ఎక్కించి కూర్చున్నాను. మొదటిసారి తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు తెగినట్టు. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ తెగింది. ఇనుముకు నీళ్ళకున్నంత దయ లేదు. అది పాదాన్ని పైకి నెట్టదు, పాదమే దాన్ని లాగాలి. తలుపు వేసుకుని పాతగుడ్డల మీద తొక్కుతూనే ఉన్నాను. రెండు పూటలు పోయాక చక్రం ముందుకు తిరిగింది. తిరిగాక ఆగలేదు.

కూతురి పెళ్ళి ఉన్న ఆమె పట్టుబట్టతో వచ్చింది. మిషను కిందికి వంగి చూసింది. "మోటరు పెట్టించుకోల్యా అక్కా? నీకు అయితాదా?"

"కూర్చో. నీ ముందరే కుడతా."

చేతి వంపు మొత్తం ఆమె చూస్తుండగానే కుట్టాను. మధ్యలో చీలమండ పట్టేసింది. దారం చూసుకుంటున్నట్టు ఆగి, వదులు చేసుకుని, మళ్ళీ తొక్కాను. ఆమె గుడ్డ తీసి వెలుతురులో పెట్టి కుట్టును పట్టి పట్టి చూసింది. బాగుందనలేదు. తక్కిన బట్టల సంచి మాత్రం నా దగ్గర వదిలి పోయింది.

ఆమె పోయాక వంగి పాదాన్ని చూసుకున్నాను. మడమ పెడలుకు పూర్తిగా ఆనడం లేదు. వేలెడు సందు మిగిలింది. కొలనులో అయితే ఆ సందు కూడా మూసుకునేది. ఇంకొన్నాళ్ళు ఆ నీళ్ళు దొరికి ఉంటే ఇక్కడా మూసుకునేదేమో. కమలాపురంలో అట్లాంటి నీళ్ళు లేవు, గుంటూరు మిరపచేలలోనూ ఉండవు. సంచిలోంచి రెండో గుడ్డ తీశాను. సందు సందుగానే ఉంచుకుని తొక్కడం మొదలుపెట్టాను.